ఫార్కర్ పెళ్ళి మేజోళ్ళు

గ్లెన్ హారిష్ లోయలో మగవాళ్ళ పిక్కల గురించి డోలినా మెకాస్కిల్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చర్చి మెట్ల మీద నిలబడి అనదగ్గ మాట కాదు గానీ, ఉన్న మాటే. ఎవరి పిక్క గుండ్రంగా బలంగా ఉంటుందో, ఎవరిది చీపురుపుల్లలా ఉంటుందో, ఆటల పోటీల రోజున ఎవరు లోపల ఇంకో జత మేజోళ్ళు తొడుక్కుని పిక్కలు ఉబ్బించుకుని వస్తారో, అన్నీ ఆమెకు తెలుసు. ఆ రహస్యాలన్నీ ఆమె వంటింటి గోడ మేకులకు వేలాడుతుంటాయి. మనిషికొక పురికొస, పురికొసకు మూడు ముడులు. మోకాలి కింద చుట్టుకొలతకు ఒకటి, పిక్క లావుకు ఒకటి, చీలమండకు ఒకటి. టేపంటే ఆమెకు గిట్టదు.

"టేపు అంకె చెప్తుంది గానీ కాలు సంగతి చెప్పదు," అంటుంది.

మోకాళ్ళ దాకా వచ్చే గళ్ళ కుచ్చిళ్ళ కిల్టు కట్టిన మగవాడికి మోకాలి పైన ఉన్న అందం దర్జీ పుణ్యం, కింద ఉన్న అందం డోలినా పుణ్యం. నలభై ఆరేళ్ళ మనిషి. పొట్టిగా, చురుగ్గా, సగం నెరిసిన ఎర్రజుట్టుతో, ఎప్పుడు చూసినా చంకలో ఊలు సంచీతో కనిపిస్తుంది. వంతెన దాటగానే రెండో ఇల్లు ఆమెది. ఇంట్లో ఆమె, ఆమె పిన్ని ఎఫీ, ఒక ముసలి పిల్లి. ఎఫీ పిన్నికి ఎనభై మూడేళ్ళు. చూపు పోయింది గానీ చెవులు మాత్రం రెండిళ్ళ అవతల కెటిల్ మరిగినా పట్టేస్తాయి.

తొమ్మిదో ఏట తల్లి దగ్గర నాలుగు సూదులు అందుకున్న డోలినా వాటిని మళ్ళీ కింద పెట్టింది లేదు. నడుస్తూ అల్లుతుంది, బస్సు కోసం నిలబడి అల్లుతుంది, పొయ్యి మీద పులుసు పెట్టి అది మరిగేలోగా రెండు వరసలు అల్లుతుంది. ఆదివారం సూది ముట్టుకోకూడదు గనుక ఆ ఒక్కరోజు ఆమెను చూస్తే జాలేస్తుంది. పాస్టరు గారు ప్రసంగం చేస్తున్నంతసేపూ ఆమె వేళ్ళు ఒళ్ళో ఊరికే ఆడుతూ ఉంటాయి.

కిల్టు మేజోడు మామూలు మేజోడు కాదు. దాని పైభాగంలో అరచేయంత వెడల్పున రంగుల గళ్ళ పట్టీ ఉంటుంది. ఆ పట్టీని మోకాలి కింద బయటికి మడిచి వేసుకోవాలి. అందుకని ముందు గళ్ళ పట్టీ అల్లి, అది పూర్తయ్యాక అల్లికనంతా లోపలిది బయటికి తిరగేసి, అప్పుడు కాలి భాగం మొదలుపెడతారు. తిరగేయడం మరిచిపోయారో, మడత వేసిన రోజున గళ్ళు లోపలికి పోయి, వెనకవైపు దారాల చిందరవందరంతా లోకానికి కనిపిస్తుంది. అల్లిక నేర్చుకునే పిల్లలు ఒక్కసారైనా చేసే తప్పు అది. డోలినా చేయలేదు. తొమ్మిదో ఏట కూడా చేయలేదు. ఈ సంగతి ఏడాదికి రెండు మూడుసార్లయినా ఎవరో ఒకరి చెవిన వేయకుండా ఆమె ఉండలేదు.

మా లోయలో పెళ్ళికొడుకు చర్చికి వేసుకొచ్చే మేజోళ్ళు పెళ్ళికూతురే అల్లాలి. ఉంగరం ఇన్వర్నెస్‌లో కొన్నా ఫరవాలేదు, కేకు బేకరీ నుంచి తెప్పించినా ఫరవాలేదు, మేజోళ్ళు మాత్రం ఆ అమ్మాయి చేతివే అయి ఉండాలి. పెళ్ళి ముందురోజు అత్తగారు ఆ గళ్ళ పట్టీని తిరగేసి, లోపలి దారాలు చూసి, కోడలు ఎలాంటిదో తేల్చేస్తుంది. ఇంత ఆచారం ఉన్నప్పుడు ఆడపిల్లలందరికీ అల్లిక వచ్చి ఉండాలి కదా? రాదు. టైపు వచ్చు, సైకిలు వచ్చు, సినిమా పాటలన్నీ వచ్చు. నాలుగు సూదులు చేతికిస్తే మాత్రం ముళ్ళపందిని ఎత్తుకున్నట్టు పట్టుకుంటారు.

అందుకే పెళ్ళి కుదిరిన వారం తిరక్కుండా ఆ అమ్మాయి ఒక గిన్నె పట్టుకుని, గుడ్లు బదులడిగే వంకన డోలినా పెరటి తలుపు తడుతుంది.

"గుడ్లు కావాలటే?" అని ఎఫీ పిన్ని లోపలి నుంచి కేకేస్తుంది. "ఎన్ని అంగుళాలవి కావాలో అడుగు డోలినా!"

డోలినా ఆ అమ్మాయి సిగ్గు పోయేదాకా టీ పోసి, గోడ మీది పెళ్ళికొడుకు పురికొస అందుకుని, అల్లి పెడుతుంది. బొటనవేలి దగ్గర ఆఖరి వరస మాత్రం తను అల్లదు. పెళ్ళికూతుర్ని బల్ల మీద కూర్చోబెట్టి, సూదులు చేతికిచ్చి, ఎంతసేపయినా సరే ఆ వరస ఆమె చేతే అల్లిస్తుంది.

"రేపు మీ అత్తగారు నువ్వే అల్లావా అని అడిగితే, నా చేత్తోనే పూర్తిచేశానండీ అని చెప్పు. అబద్ధం కాదుగా?" అంటుంది.

అలా పంతొమ్మిదేళ్ళలో ముప్ఫై నలుగురు పెళ్ళికూతుళ్ళు. అత్తగార్లు ఆ దారాలు చూసి పసిగట్టరా అంటే, చూడగానే పసిగడతారు. కాకపోతే వాళ్ళ కాలంలో వాళ్ళ పెళ్ళి మేజోళ్ళు అల్లింది డోలినా తల్లి. కాబట్టి చూసి, గుటక మింగి, చాలా బాగున్నాయమ్మా అంటారు. పెళ్ళి రోజున డోలినా వెనక బెంచీలో కూర్చుని, అందరికంటే ముందు తనే "అబ్బ, ఎంత చక్కటి చెయ్యి ఈ పిల్లది!" అంటుంది. తన పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు, ఆమెకూ తోచలేదు. పెళ్ళంటే ఆమె దృష్టిలో ఎదుటివాళ్ళ కాళ్ళకు తొడిగేది.

ఇక ఫార్కర్ సంగతి. అతనికి నలభై తొమ్మిదేళ్ళు. బళ్ళో డోలినా కంటే మూడు తరగతులు ముందు. సున్నం లేకుండా, మట్టి లేకుండా, ఒట్టి రాళ్ళు పేర్చి పొలాలకు గోడలు కడతాడు. అతను కట్టిన గోడ గాలివానకు కూలిందని ఎవరూ ఎరగరు. ఊరి బ్యాండులో బ్యాగ్‌పైప్ వాయిస్తాడు. ఆ వాయిద్యంలోకి ఊదే గాలంతా పోగా మాట్లాడటానికి మిగలదు కాబోలు, రోజుకు పదిహేను మాటలు దాటితే అతనికి అలసటే. ఒకసారి గోడ రాయి జారి కుడికాలు విరిగింది. అతికింది గానీ ఆ పిక్క ఎడమదానికంటే అంగుళం సన్నం. అందుకని అతని మేజోళ్ళు కుడి వేరు, ఎడమ వేరు. డోలినా గోడ మీద రెండు పురికొసలున్న మగవాడు అతనొక్కడే.

బ్యాండులో మిగతా ఏడుగురికి ఒక జత ఎనిమిదేళ్ళు వస్తుంది. మడమ చిరిగితే ఆ ముక్క తిరిగి అల్లించుకుంటారు. ఫార్కర్ మాత్రం తొమ్మిదేళ్ళుగా, ఏటా ఏప్రిల్ మొదటి శనివారం, కొత్త జత కావాలని వస్తాడు.

"నిరుటి జత ఏమైంది?"

"పోయాయి."

"రెండూనా? చేతులు పట్టుకుని నడిచిపోయాయా?"

"చిమ్మటలు."

"నీ ఇంటి చిమ్మటలకి నా అల్లికంటే అంత మోజేమిటయ్యా? మీ బ్యాండు డంకన్ మేజోళ్ళు ముట్టుకోవేం మరి?"

చిమ్మటల గురించి ఫార్కర్ దగ్గర అంతకు మించి సమాచారం ఉండదు. స్టూలు మీద కూర్చుని ప్యాంటు మోకాలి దాకా మడుస్తాడు.

"పురికొసలున్నాయిగా, మళ్ళీ కొలవడం దేనికి?"

"మారుంటుంది."

"ఈ వయసులో పిక్క ఏం మారుతుందయ్యా, పెరిగే పిల్లాడివా?"

అంటూనే కొలుస్తుంది. కొలుస్తున్నంతసేపూ అతను కిటికీలోంచి కొండను చూస్తాడు. తర్వాత టీ తాగి, ఓట్స్ పిండితో కాల్చిన రెండు ఓట్‌కేకులు తిని, "వస్తా" అని వెళ్ళిపోతాడు. తలుపు మూసుకోగానే ఎఫీ పిన్ని మంచం మీంచి "పిచ్చి మొద్దు" అంటుంది. ఎవర్నన్నావని డోలినా ఎప్పుడూ అడగలేదు.

పందొమ్మిది వందల యాభై ఏడులో ఫార్కర్ ఏప్రిల్ దాకా ఆగలేదు. ఫిబ్రవరిలోనే, కొండ మీద మంచు ఇంకా కరగకముందే వచ్చాడు. ఆదివారం కోటు వేసుకొచ్చాడు. ఆ రోజు మంగళవారం.

"ఎవరైనా పోయారా?" అంది డోలినా గాభరాగా.

"లేదు." టోపీని చేతుల్లో గిరగిరా తిప్పాడు. "మేజోళ్ళు."

"రెండు నెలలు ముందే? ఈసారి చిమ్మటలు చలికి కూడా జడవలేదేం?"

"అవి కాదు. పెళ్ళి మేజోళ్ళు."

"ఎవరి పెళ్ళికి?"

"నా పెళ్ళికి," అన్నాడు ఫార్కర్. అని, ఆ ఏడాదికి సరిపడా మాట్లాడేసినవాడిలా గోడకు ఆనుకున్నాడు.

డోలినా చేతిలో కెటిల్ ఉంది. దాన్ని పొయ్యి మీద పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. ముప్ఫై నలుగురిలో ఒక్కరిని కూడా ఆమె తనంతట తాను వివరాలు అడిగింది లేదు. అది ఆమె పనిలో మర్యాద. ఎప్పుడూ పెళ్ళికూతురు వస్తుంది, ఈసారి పెళ్ళికొడుకు వచ్చాడు. ఆ వచ్చే ఆవిడకు అల్లిక రాదు, అడగడానికి మొహం చెల్లలేదు, పాపం ఇతనే బయల్దేరాడు. ఆమెకు తోచింది అంతే. ఇంకోలా తోచే దారి ఆమె బుర్రలో ఎవరూ వేయలేదు.

"కూర్చో, కొలుస్తా," అంది.

ఫార్కర్ కదల్లేదు. "కొలుస్తావా?"

"కొలవకుండా ఎలా అల్లుతారు? కాలిటు పెట్టు."

"అంటే, అల్లుతావా?"

"ఎన్నడైనా కాదన్నానా?"

అప్పుడు ఫార్కర్ నవ్వాడు. పళ్ళన్నీ కనిపించేలా అతను నవ్వగలడని డోలినాకు ఆ రోజే తెలిసింది. అంత చక్కటి నవ్వు ఇంకెవరికోసమో అనుకునేసరికి ఆమె ముడి వేయబోయి పురికొస జారవిడిచింది.

"గళ్ళకు ఏ రంగులు?"

"నీ ఇష్టం."

"నా ఇష్టంతో పనేముంది? పెళ్ళికూతురి ఇష్టం కావాలి గానీ."

"అదే. నీ ఇష్టమే."

"మగవాళ్ళతో ఇదే గొడవ. ఒక్క రంగు కూడా అడిగి తెలుసుకుని రారు. సరే, ఎరుపూ ఆకుపచ్చా వేస్తా, ఎవరూ పేరుపెట్టరు. ఎప్పటికి కావాలి?"

"నీకు తొందరేం లేదు. మే ఆఖరికి వస్తా."

టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే, తను కట్టిన గోడనే ఒక చెయ్యి ఆనించి గెంతి దాటుతూ కనిపించాడు. కాసేపటికి కొండవైపు నుంచి బ్యాగ్‌పైప్ వినిపించింది, అదీ పెళ్ళి ఊరేగింపులో వాయించే హుషారు పాట.

డోలినా స్టూలు మీద కూలబడింది. తను ఏప్రిల్ కోసం ఎందుకు ఎదురుచూస్తుందో, ఆ మొదటి శనివారానికి ముందురోజే ఇల్లంతా ఎందుకు కడుగుతుందో, ఓట్‌కేకులు అతనికి పెట్టేవి విడిగా ఎందుకు తీసి ఉంచుతుందో, అన్నీ ఒక్కసారిగా తెలిసివచ్చాయి. వచ్చే ఏప్రిల్‌లో అతను ఈ స్టూలు మీద కూర్చోడు. పెళ్ళాం ఉన్నవాడి కాలు ఇంకో ఆడది కొలవడం ఏం బాగుంటుంది? ఫార్కర్ ఆమెకు కావాలి. నలభై ఆరేళ్ళొచ్చి, అతని పెళ్ళి మేజోళ్ళకు కొలత తీసుకున్నాక తెలిసిందా సంగతి. తన మీద తనకే ఒళ్ళు మండి, అవసరం లేకపోయినా పొయ్యిలోకి ఇంకో ఎండిన పీట్ మట్టి గడ్డ విసిరింది.

పెళ్ళికూతురెవరో తేల్చుకోవడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. పోస్టాఫీసు నడిపే జెస్సీ టల్లక్. అబెర్డీన్ నుంచి వచ్చిన మనిషి, భర్త పోయి ఆరేళ్ళు, మామూలు రోజుల్లో కూడా లిప్‌స్టిక్ వేసుకుంటుంది. జన్మలో ఒక ఉత్తరం రాయని ఫార్కర్ ఇప్పుడు రోజూ పోస్టాఫీసులో ఉంటున్నాడు. స్టాంపులకని డోలినా వెళ్ళేసరికి, ఇద్దరూ కౌంటరు మీద సామాన్ల క్యాటలాగు పరిచి తలలు ఆనించి చూస్తున్నారు.

"ఈ రోజాల గోడకాగితం పడగ్గదికి ఎంత బాగుంటుందో చూడండి," అంటోంది జెస్సీ.

డోలినాను చూసి ఫార్కర్ బీట్‌రూట్ దుంపలా అయ్యాడు. క్యాటలాగు మూసి, తెరిచి, ఆఖరికి ఆమె వైపు తిప్పాడు.

"రోజాలు నీకు నచ్చుతాయా?"

"నాకు నచ్చితే ఎంత, నచ్చకపోతే ఎంత? ఆ గదిలో పడుకునేవాళ్ళకి నచ్చాలి."

ఫార్కర్ చెవులు ఎర్రబడ్డాయి. జెస్సీ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని డోలినాకు కన్ను గీటింది. గెలిచినవాళ్ళకు కళ్ళు నెత్తికెక్కడం అంటే ఇదే కాబోలనుకుని, డోలినా స్టాంపులు కొనడం మరిచి ఇంటికి వచ్చేసింది.

అది మొదలు ఆమెకు లోయలో తలెత్తుకు తిరిగే వీల్లేకుండా పోయింది. ఫార్కర్ ఇంటికి సున్నం కొట్టాడు, పొగగొట్టం మార్చాడు, గుమ్మం ముందు బండ పరిచాడు. అతని ముచ్చట చూసి ఊరంతా నవ్వుకుంటోంది. పైగా పంతొమ్మిదేళ్ళుగా ఎవరూ పైకి అనని మాట ఇప్పుడు మాంసం కొట్టు ఆయన కూడా అంటున్నాడు.

"ఎంతదాకా వచ్చాయి మేజోళ్ళు, డోలినా?"

"ఏ మేజోళ్ళు?" అంటుంది ఆమె మొహం గంటు పెట్టుకుని.

"ఓహో, ఏ మేజోళ్ళట!" అని ఆయన కత్తి పక్కన పెట్టి మరీ నవ్వుతాడు.

జెస్సీకి బదులు తను అల్లుతున్నానని ఊరంతా తెలిసిపోయిందే అని డోలినా కుమిలింది. అయినా అల్లడం మానలేదు. మాట ఇచ్చింది మరి. ఎడమకాలిది ఏప్రిల్ ఆఖరుకు పూర్తయింది. కోపంతో అల్లిందో, ప్రేమతో అల్లిందో ఆమెకే తెలియదు గానీ, అలాంటి మేజోడు ఆమె చేతి నుంచి ఇంతకుముందు రాలేదు. ఎరుపు గళ్ళ మీదుగా ఆకుపచ్చ చారలు వాలుగా సాగి, వెనక కలిసేచోట అతుకన్నది కనిపించకుండా కలిశాయి. కుడికాలిది మొదలుపెట్టింది. గళ్ళ పట్టీ అయింది. కాలి భాగం జానెడు దిగింది.

"ఇలా తే చూద్దాం," అంది ఎఫీ పిన్ని ఒక మధ్యాహ్నం. ఆవిడ చూడటమంటే వేళ్ళతో తడమడం. తడుముతూ తడుముతూ ఒకచోట ఆగింది. మళ్ళీ మొదటినుంచి తడిమింది.

"దీన్ని తిరగేయలేదే నువ్వు."

"ఏం మాట్లాడుతున్నావు పిన్నీ?"

"నాకు కళ్ళు పోయాయి గానీ వేళ్ళు పోలేదు. మడిచి చూసుకో."

డోలినా మడిచి చూసింది. గళ్ళన్నీ లోపల దాక్కున్నాయి. వెనకవైపు దారాలు కోడి కెలికిన చెత్తలా పైకి తేలాయి. ముప్ఫై ఏడేళ్ళలో ఆమె చేయని తప్పు. ఆమె ఆ మేజోడును ఒళ్ళో పెట్టుకుని భోరున ఏడ్చింది.

ఎఫీ పిన్ని ఆమె నుదురు తడిమింది. "జ్వరం లేదు. అయితే మగాడి గొడవే. ఎవడే?"

"ఫార్కర్. నాకతను కావాలి పిన్నీ. అతనేమో జెస్సీ టల్లక్‌ని చేసుకుంటున్నాడు. ఆ పెళ్ళి మేజోళ్ళే ఇవి."

"జెస్సీనని వాడు చెప్పాడా?"

"చెప్పాలా? ఇద్దరూ కలిసి పడగ్గదికి గోడకాగితం ఎంచుతుంటే నా కళ్ళతో చూశా."

"అది సరే, ఆ రోజు వచ్చి వాడేమన్నాడు? నేను కోళ్ళ దగ్గరున్నాను. ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పింది. ఎఫీ పిన్ని అంతా విని, దిండుకు ఆనుకుంది. తర్వాత ఎంతో శాంతంగా అడిగింది.

"మన లోయలో పెళ్ళి మేజోళ్ళు ఎవరు అల్లాలే?"

"పెళ్ళికూతురు."

"మరి వాడు ఎవర్ని అల్లమన్నాడు?"

"నన్ను. పెళ్ళికూతుళ్ళవన్నీ అల్లేది నేనేగా!"

ఎఫీ పిన్ని నవ్వడం మొదలుపెట్టింది. పిల్లి మంచం మీంచి దూకి పారిపోయేలా, కట్టుడు పళ్ళు ఊడి ఒళ్ళో పడేలా నవ్వింది.

"నేను ఏడుస్తుంటే నీకు నవ్వెలా వస్తోంది?"

"పాస్టరు గారు గొర్రెల్ని మందునీళ్ళలో ముంచే తొట్టిలో పడ్డాక ఇంత నవ్వింది లేదమ్మా నేను," అంది ఎఫీ పిన్ని పళ్ళు పెట్టుకుంటూ. "నా నోటితో చెప్పను. ఈ వయసులో ఇంత వినోదం మళ్ళీ దొరకదు. పోయి వాణ్ణే అడుగు."

"చచ్చినా అడగను."

"అయితే ఏడువు. ఏడ్చాక టీ పెట్టు."

డోలినా అడగలేదు. ఆ మేజోడును విప్పలేదు, సరిచేయలేదు. సూదులతో సహా సంచీ అడుగున కుక్కి, మూడు వారాలు దాని మొహం చూడలేదు. అల్లడం ముగించిన రోజున అతను తన చేతిలోంచి జారిపోతాడని ఆమె భయం. మే ఆఖరు రాకూడదని కోరుకుంది. వచ్చింది.

ఆ శనివారం లోయంతా ఎండ కాసింది. ఫార్కర్ కిల్టు కట్టుకుని వచ్చాడు. మోకాళ్ళ కింద మేజోళ్ళు లేవు, ఉత్తకాళ్ళకే బూట్లు తొడుక్కున్నాడు. ఒక చేత్తో టోపీ, రెండో చేత్తో అడవిపూల గుత్తి. ఆ గుత్తిని సుత్తిని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. డోలినా బల్ల మీద ఒకే ఒక్క మేజోడు పెట్టింది.

ఫార్కర్ దాన్ని వేళ్ళ చివరలతో తాకాడు. "ఎంత బాగుందో," అన్నాడు. తర్వాత బల్ల మీద ఇంకోటి ఎక్కడుందా అని వెతికాడు. "ఒకటేనా?"

"ఒకటే. రెండోది అల్లను."

అతని మొహంలో రంగు దిగిపోయింది. "అల్లవా?"

"అల్లను."

ఫార్కర్ పూలు మేజోడు పక్కన పెట్టాడు. "సరే. బలవంతమేం లేదు," అని, టోపీ పెట్టుకుని, తలుపువైపు నడిచాడు. నేరుగా జెస్సీ దగ్గరికి పోతున్నాడనుకుంది డోలినా. ఇక ఆ వీపు తప్ప తనకు ఏమీ మిగలదనుకుని, ఆ వీపుకే చెప్పేసింది.

"ముప్ఫై నలుగురికి అల్లాను ఫార్కర్. ఒక్కరికీ లేదనలేదు. నిన్ను ఇంకో ఆడదాని పక్కన నిలబెట్టడానికి మాత్రం నా చేతులు రావడం లేదు. నువ్వంటే నాకిష్టం. ఎప్పట్నుంచో ఇష్టం, నాకే ఆలస్యంగా తెలిసింది. పోయి చెప్పు జెస్సీకి, తనవి తనే అల్లుకోమను. ఇద్దరూ కూర్చుని నవ్వుకోండి."

ఫార్కర్ గుమ్మంలో ఆగాడు. చాలా నెమ్మదిగా ఇటు తిరిగాడు.

"జెస్సీకేం సంబంధం?"

"రోజాల గోడకాగితానికి ఏం సంబంధమో దానికీ అదే!"

"అది నీకు."

"నాకా?"

"నచ్చుతాయా అని అడిగానుగా."

డోలినా పూలను చూసింది, మేజోడును చూసింది. ఇక ఫార్కరే మాట్లాడాల్సి వచ్చింది. అతని జీవితంలో అంత పొడుగు ప్రసంగం అంతకుముందు లేదు.

"పెళ్ళి మేజోళ్ళు పెళ్ళికూతురే అల్లాలి కదా. నాకు మాటలు రావు. అల్లమని అడిగితే అర్థమవుతుందనుకున్నా. నువ్వు కూర్చో, కొలుస్తా అన్నావు. ఎన్నడైనా కాదన్నానా అన్నావు. ఒప్పుకున్నావనుకున్నా. ఇంటికి సున్నం కొట్టా. బ్యాండు వాళ్ళకి చెప్పా. పాస్టరు గారికీ చెప్పా. మాంసం కొట్టాయన అడిగితే ఆయనకీ చెప్పా."

"ఊరందరికీ తెలుసా?"

"అందరికీ."

"నాకు తప్ప!"

లోపలి గదిలోంచి ఎఫీ పిన్ని నవ్వు గోడలు దాటి వచ్చింది.

"తలుపు వేసుకో పిన్నీ!" అని అరిచింది డోలినా. అరిచి, తనూ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, ముక్కు తుడుచుకుంది, పూలు నీళ్ళలో పెట్టింది, సంచీ అడుగు నుంచి రెండో మేజోడు లాగి అతని ముందు మడిచి పట్టుకుంది. "చూడు, నీ మూలాన ఏం చేశానో. తిరగేయడం మరిచిపోయా. నేను! బయట చెప్పావంటే ఊరుకోను."

ఫార్కర్ ఆ దారాల చిందరవందరను ఎంతో గౌరవంగా చూశాడు. "ఇలాగే వేసుకుంటా."

"నా ప్రాణం పోయినా వీల్లేదు. కూర్చో. చేతులు చాచు. గళ్ళ పట్టీ బాగానే ఉంది, కాలి భాగం విప్పితే చాలు."

అతను స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ ముందుకు చాచాడు. డోలినా సూదులు లాగేసి, ఒక్కో వరసే విప్పుతూ, బూడిదరంగు ఊలును ఆ చేతుల చుట్టూ చుట్టడం మొదలుపెట్టింది. రాళ్ళు మోసి మోసి గట్టిపడిన చేతులు. అంత కదలకుండా ఊలు పట్టిన చేతులు ఆమె చూడలేదు. సగం విప్పాక, ఆమె దారం ఆపకుండానే అంది.

"ఇప్పుడు అడుగు."

"ఏమడగను?"

"ముప్ఫై నలుగురు అమ్మాయిలు ఈ బల్ల మీద కూర్చుని, వాళ్ళవాళ్ళు ఎలా అడిగారో చెప్పారు నాకు. ఒకడు పడవలో అడిగాడు. ఒకడు గొర్రెల సంతలో, వేలం పాట మధ్యలో అడిగాడు. ఒకడు బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి అడిగాడు. మేజోళ్ళు అల్లమని చెప్పి ఊరుకున్నవాడు ఒక్కడూ లేడు. నోటితో అడుగు."

ఫార్కర్‌కు తిప్పడానికి టోపీ లేదు. చేతులు ఊలులో ఇరుక్కుపోయాయి. కిటికీలోంచి కొండను చూద్దామంటే మధ్యలో డోలినా నిలబడి ఉంది. ఇక ఆమెనే చూశాడు.

"డోలినా," అన్నాడు. "నన్ను పెళ్ళి..."

"చేసుకుంటా!" అనేసింది డోలినా.

"ఆగు," అన్నాడు ఫార్కర్. "నన్ను పూర్తి చెయ్యనీ. తొమ్మిదేళ్ళుగా ఈ మాట గోడ దగ్గర రాళ్ళకి చెప్పుకుంటున్నా. ఒక్కసారి నీకు చెప్పనీ."

డోలినా దారం చుట్టడం ఆపింది. ఫార్కర్ గొంతు సవరించుకుని, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి, ఒక్క మాట తడబడకుండా చివరిదాకా అడిగాడు.